కదిలే బల్ల

మా తెలుగు సారు పోయారని మొన్న పొద్దున కోడేరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పటినుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. క్లాసులో లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసి వరండాలోకి వచ్చేస్తున్నాను.

రాజోలి దగ్గర ఒక బడిలో ఆయనతో నాలుగేళ్లు పనిచేశాను. మా గదులకు షాబాదు బండల నేల, అంతా ఎత్తుపల్లాలు. సారు క్లాసులోకి రాగానే బల్ల మీద చేయి వేసి చూసేవారు. కదిలితే కాగితం మడిచి కాలి కింద పెట్టాకే పాఠం. ఆయన జేబు నిండా మడిచిన కాగితాలే.

ఒకసారి పేపర్లో 'ప్రభుత్వాన్ని అస్థిరపరిచే కుట్ర' అన్న మాట చూసి ఓ పిల్ల అర్థం అడిగింది. నేను వరండాలోనే ఉన్నాను. సారు వంగి బల్ల కాలి కింది కాగితం లాగేశారు. నిండు గ్లాసు ఆ పిల్ల చేతికిచ్చి బల్ల మీద పెట్టమన్నారు. పిల్ల పెట్టలేదు.

"బల్ల పడ్డదా?"

"లేదు సార్."

"మరెందుకు పెడ్తలేవు? గదే అస్థిరపరచుడంటే. కూలగొట్టుడు వేరే. ఇదైతే నిలబడ్డదాని మీద నమ్మకం తీసుడు. మనిషికి గూడ వాడొచ్చు ఈ మాట."

పాఠం చెప్పడమంటే ఏమిటో నాకు ఆ వరండాలోనే తెలిసింది.

మాటను మనిషికి ఎలా వాడతారో తర్వాత తోటి టీచర్లం మేమే చూపించాం. ఆ ఏడు పదో తరగతి పరీక్షల్లో చీటీలు అందించనివ్వనని సారు అడ్డం తిరిగారు. ఫలితాలు పడిపోతాయని భయపడి, ఆయన్ని బదిలీ చేయమని అర్జీ పెట్టాం. 'బడిని అస్థిరపరుస్తున్నారు' అన్న వాక్యం నాది, రాత కూడా నాదే. అది ఆయన కంటపడింది. స్టాఫ్ రూములో నిదానంగా చదివి నా వైపు తిప్పారు.

"మాట మంచిగనే దొరికింది నీకు. మనిషే తప్పు."

అంతే. జూన్‌లో కోడేరు బదిలీ అయ్యారు. అక్కడ పాఠం మధ్యలో ఆగిపోతున్నారని, తాను చెప్పింది సరేనా అని పిల్లల్నే అడుగుతున్నారని విన్నాను.

క్షమించమని ఉత్తరం రాసుకుని రెండుసార్లు కోడేరు దాకా పోయి, బస్టాండు నుంచే తిరిగొచ్చాను. పిరికితనం, ఇంకేమీ కాదు.

నిన్న వాళ్లింటికి పోయాను. ఆయన భార్య కుర్చీ చూపించారు.

"గీ కుర్సీల కూసో బిడ్డా. జర కదులుతది. సారు మంచాన పడ్డ సంది కాగితం పెట్టేటోళ్లు లేరు."

ఆమె నీళ్లు తేవడానికి లోపలికి పోయారు. ఉత్తరం జేబులోనే ఉంది. నాలుగు మడతలు పెట్టి కుర్చీ కాలి కింద దూర్చాను. కదలడం ఆగింది. అందులో కూర్చోలేక, ఆమె వచ్చేదాకా పక్కనే నిలబడి ఉన్నాను.