సగం చేసిన నొప్పి

మా అక్క మొగుణ్ని ఆయన పనిచేసే ఆసుపత్రిలో అందరూ నడకల మాస్టారు అంటారు. పేగు ఆపరేషనైన వాళ్లను మర్నాడే మంచం దింపి వరండాలో నడిపించడం పదకొండేళ్లుగా ఆయన ఉద్యోగం. "నేను చెయ్యి పట్టుకుంటే నడవనివాడు లేడు బామ్మర్దీ" అని కోతలు కోసేవాడు.

ఈసారి పేగులో కణితి అని అక్కడే ఆయనకే ఆపరేషన్ చేశారు. పొట్ట మీద నాలుగు చిన్న చిల్లులు, అంతే. మర్నాడు పొద్దున, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఆయమ్మ లేపడానికి వచ్చింది.

"నొప్పి పదికి ఎంతన్నయ్యా?"

"ఎనిమిదమ్మా. ఆపరేషన్‌కి పొట్టలో గాలి నింపారుగా, దాంతో భుజం కూడా లాగేస్తోంది."

ఆవిడ తలూపి, గుమ్మం దగ్గరున్న నర్సుకు "నాలుగు సిస్టర్" అని చెప్పింది. నాలుగంటే మాత్ర, ఏడు దాటితే ఇంజెక్షన్. మాత్రే వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. "ఎనిమిదంటే నాలుగంటావేంటమ్మా?"

ఆవిడ బిత్తరపోయింది. "అన్నయ్యే నేర్పాడుగా! ఇంజెక్షన్ పడితే తల తిరిగి నడవరు, సగం చేసి చెప్పమన్నాడు."

బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ రోజు ఆయన నడవలేదు. చిల్లులు పీకుతాయని దగ్గు కూడా మింగాడు. సాయంత్రానికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటోందన్నాడు డాక్టరు. సిస్టర్‌కు నిజం చెప్పమని నేనంటే, "ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు బావ. కిందటి నెల ఒక దర్జీ ఆవిడ తొమ్మిదంటే నాలుగని చెప్పాడట. ఆవిడ వరండాలో కూలబడి ఏడ్చిందట.

"నాటకాలు ఆడకమ్మా అన్నానురా" అని కళ్లు మూసుకున్నాడు. నాకు జాలేసింది. అసహ్యం కూడా వేసింది, ఆ సంగతి నేనెందుకు దాచాలి?

సిస్టర్ మళ్లీ వచ్చింది. "మాత్ర పని చేస్తోందా?"

"లేదమ్మా. పొద్దున కూడా ఎనిమిదే. ఆయమ్మ తప్పేం లేదు. సగం చేసి చెప్పడం నేనే నేర్పాను. నేను నడిపించిన వాళ్లందరికీ అదే చేశాను."

ఆవిడ చార్టులో నాలుగు కొట్టేసి ఎనిమిది వేసింది. "నడవాలనే కదండీ నొప్పి తగ్గించేది! ఇంజెక్షన్ ఒక్కటేనా? రెండు రకాల మాత్రలు కలిపి ఇవ్వొచ్చు, చిల్లుల చుట్టూ మొద్దుబారే మందు ఇవ్వొచ్చు. అసలు అంకె తెలిస్తే కదా? ఎన్నాళ్లుగా ఇలా?"

"ఐదారేళ్లు" అన్నాడు బావ.

ఆవిడ మందు తేవడానికి వెనక్కి తిరిగింది. బావ దుప్పటి అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"కాదమ్మా. పదకొండేళ్లు."