మామయ్య ముడుల పరీక్ష

మా మామయ్యది సైకిళ్ళ షాపు. ముందు గదిలో సైకిళ్ళుంటాయి. వెనక గదిలో స్కౌటు పిల్లల సామానంతా ఉంటుంది. తాళ్ళు, స్కార్ఫులు, మడత పెట్టిన డేరా గుడ్డ, బ్యాడ్జీలు దాచే రేకు డబ్బా. ఆదివారం పొద్దున స్కూలు మైదానంలో పిల్లలతో ఏం చేయించాలో శుక్రవారం సాయంత్రమే ఆ గదిలో తేల్చుకుంటారు. మామయ్య దాన్ని మీటింగు అంటాడు. అత్తయ్య కచేరీ అంటుంది.

"కచేరీకి టీ ఇప్పుడే పెట్టనా, కాసేపు అరుచుకున్నాక పెట్టనా?" అని వంటింట్లోంచి అడుగుతుంది.

అరుచుకునేది మామయ్యా, స్కూల్లో బొమ్మలు నేర్పే టీచరమ్మా. పిల్లల గుంపును నడిపేది వాళ్ళిద్దరే. టీచరమ్మకు ప్రతిదీ కాగితం మీద ఉండాలి. మామయ్యకు కాగితం చూస్తే ఆవలింత వస్తుంది. గోడకు వేలాడుతున్న టైర్ల కింద, బోర్లించిన చెక్కపెట్టె మీద నేను కూర్చుంటాను. ఎవరికి ఏ బ్యాడ్జి వచ్చిందో చూసుకుని చొక్కాల మీద కుట్టిపెట్టడం నా పని.

నేను అక్కడికి ఎలా వచ్చానో చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మకు జబ్బు చేసింది. చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయాను. అమ్మ లేచి తిరిగేసరికి నా తోటివాళ్ళు పై తరగతులకు వెళ్ళిపోయారు. నాకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చదవాలంటే సిగ్గేసింది. నాకు అసలే సిగ్గెక్కువ. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు మామయ్య వచ్చి అమ్మతో, "చెల్లెమ్మా, నాకు షాపులో ఒక మనిషి కావాలి. దీన్ని పంపించు. ఊరికే కూర్చోబెడతాననుకోకు, పని చెబుతాను" అన్నాడు.

మొదట పంక్చర్లు వెయ్యడం నేర్పాడు. గాలి కొట్టిన ట్యూబును నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి. తొందరపడితే కనపడదు. నాకు ఆ పని నచ్చింది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, చూస్తే చాలు.

మామయ్య నన్ను గమనించాడు కాబోలు. ఒక శుక్రవారం మీటింగు మొదలుపెడుతూ, "ముందు మా అమ్మడు ఏం చూసిందో చెప్పనీ" అన్నాడు. టీచరమ్మ పెన్ను మూత తీసి నా వైపు తిరిగారు. నేల వైపు చూస్తూ, "అందరికంటే చిన్నవాడున్నాడు కదా, వాడికి పరుగు పందెం ఇష్టం లేక కాదు. బూట్ల లేసు కట్టుకోవడం రాదు. ఊడిపోతే అందరూ నవ్వుతారని పరిగెత్తడం లేదు" అన్నాను.

ఆ ఆదివారం పరుగు పందెం తీసేసి, కళ్ళు మూసుకుని లేసు కట్టే పందెం పెట్టారు. అందరూ తప్పుగా కట్టారు, అందరూ నవ్వుకున్నారు. వాడు కూడా నవ్వాడు. ఇక ప్రతి మీటింగూ ఆ ప్రశ్నతోనే మొదలయ్యేది. నేను ఒక్క మాటో రెండు మాటలో చెప్పేదాన్ని. దాన్ని పట్టుకుని వాళ్ళు గంటసేపు పోట్లాడుకునేవాళ్ళు. నా మాట మీద ఎవరో పోట్లాడుకోవడమన్నది నాకు అంతకుముందు జరగలేదు.

మామయ్య పెట్టిన పద్ధతి ఇంకొకటుంది. ఏడాది మొదట్లో పిల్లల కంటే ముందు పెద్దవాళ్ళు పరీక్షకు నిలబడాలి. "మనకు రానిది వాళ్ళని చెయ్యమనడం ఏం న్యాయం?" అంటాడు. ఏ బ్యాడ్జి ఎవరు చివరగా సంపాదించారో ఆ పిల్ల గానీ పిల్లాడు గానీ ఆ బ్యాడ్జికి పరీక్ష పెడతారు. టీచరమ్మ గాలిలో పొయ్యి వెలిగించలేక అగ్గిపెట్టె ఖాళీ చేస్తుంటే పిల్లలకు పండగే. మామయ్యవి ముడులు. నాలుగు రకాల ముడులు చూడకుండానే కట్టి తాడు విసిరేసేవాడు.

పోయిన వానల్లో ఒక మధ్యాహ్నం చక్రానికి బెండు తీస్తూ మామయ్య స్పానరు జారవిడిచాడు. వంగి తీసుకోలేదు. దాని వైపు అలా చూస్తూ కూర్చున్నాడు. మొహం చూస్తే పెదవి ఒక పక్కకు జారి ఉంది. నేను పక్క కొట్లోకి పరిగెత్తి, జన్మలో మొదటిసారి గట్టిగా కేకేశాను. త్వరగా తెచ్చారు కాబట్టి సరిపోయిందని డాక్టరు అన్నాడు. మాట తిరిగి వచ్చింది. నడక తిరిగి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో పెడితే పెట్టిన చోటే ఉండేది. వేళ్ళు ముడుచుకునేవి కావు.

ఆ తర్వాత మొదటి మీటింగులో ఆయన కూర్చుంటూనే, "టీచరమ్మా, నా బదులు ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడు.

"అదేం మాట అన్నయ్యగారూ. ముడులు నేను చూసుకుంటాను. మీరు పక్కన కూర్చుని చూడండి."

"కూర్చుని చూడ్డానికి నేనేమన్నా సినిమాకొచ్చానా? తాడు కట్టలేనివాడు ముడుల పరీక్ష పెట్టడమేంటి? సరే, ఒక పని చేద్దాం. కొత్త ఏడాది మొదటి ఆదివారం నలుగురి ముందూ నాలుగు ముడులూ కడితే ఉంటాను. లేకపోతే ఆ రోజుతో సరి."

టీచరమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు నన్ను ఏం చూశావని అడగడం కూడా మర్చిపోయాడు.

టీ కప్పులు లోపలికి తీసుకెళ్తే అత్తయ్య వంటింట్లో గిన్నె తోముతూ, "ఏమే, ఈయన మానేస్తే ఎలాగే?" అంది. "షాపు ఎలాగూ నువ్వు చూసుకుంటున్నావు. ఆ ఆదివారాలు కూడా పోతే గోడకేసి చూస్తూ కూర్చుంటారు. చెయ్యి బాగున్న రోజుల్లో ఇంట్లో కాలు నిలిచేది కాదు ఆ మనిషికి."

మొదటి ఆదివారానికి ఇంకా టైముంది. మామయ్య ఎడంచేత్తో సాధన మొదలుపెట్టాడు. మంచం కోడుకు, తలుపు గొళ్ళేనికి, కుర్చీకి, అందినదానికల్లా తాడు కట్టేవాడు. "ఏమండీ, బియ్యం డబ్బా కూడా కట్టేశారు, ఇవాళ వంట చెయ్యొద్దా?" అని అత్తయ్య అరిచేది. నిజానికి ఆ ముడులు చెయ్యి తగిలితే ఊడిపోయేవి. ఆ సంగతి ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు నెమ్మదిగా కట్టు, నేను చూసి కడతా" అనేవాడు. నేను కట్టేదాన్ని. ఆయన చెయ్యి సగం దారిలో ఆగిపోయేది. పళ్ళతో తాడు పట్టుకునేవాడు. చివరికి తాడును గోడకేసి కొట్టేవాడు.

నేను ఆయన చెయ్యే చూస్తూ వచ్చాను. ఎడంచెయ్యి వెళ్ళాల్సిన దారిలో వెళ్ళడం లేదు. అది కుడిచెయ్యి దారిలో వెళ్ళబోయి అక్కడ చిక్కుకుంటోంది. అలా చిక్కుకోవడం అంతకుముందు ఒక పిల్ల దగ్గర చూశాను.

ఆ పిల్లను అందరూ జడ్జి అంటారు. తొమ్మిదేళ్ళు. ఆటలో ఎవరు తొండి చేసినా వదలదు. ఎడంచేతి వాటం. పోయినేడాది మామయ్య పక్కన కూర్చుని ఎంత చూసినా దానికి ముడి వచ్చేది కాదు. ఒకరోజు విసుగొచ్చి ఎదురుగా వెళ్ళి కూర్చుంది. ఎదురుగా కూర్చుంటే ఆయన కుడిచెయ్యి దాని ఎడంచేతికి సరిగ్గా అద్దంలో లాగా కనపడింది. ముడుల బ్యాడ్జి అందరికంటే చివరగా అదే సంపాదించింది.

తర్వాతి శుక్రవారం మీటింగు అయిపోవచ్చింది. ఎవరూ నన్నేమీ అడగలేదు. టీచరమ్మ కాగితాలు సర్దుకుంటున్నారు. "నేనొకటి చూశాను" అన్నాను.

ఇద్దరూ ఆగిపోయారు.

"మామయ్యా, నాది కుడిచేతి వాటం. నన్ను చూస్తే నీకు రాదు. జడ్జిని పక్కన కూర్చోబెట్టుకుంటే వస్తుందేమో."

"ఆ పిల్ల దగ్గరా?" అన్నాడు మామయ్య. "దాన్ని నేను పరీక్షలో ఎన్నిసార్లు వెనక్కి పంపానో తెలుసా? అన్నీ కలిపి కసి తీర్చుకుంటుంది."

"తీర్చుకోనివ్వండి అన్నయ్యగారూ. నేను కూడా చూడ్డానికొస్తాను" అన్నారు టీచరమ్మ.

మర్నాడు బడి వదిలాక జడ్జి వాళ్ళ అమ్మతో వచ్చింది. చెక్కపెట్టె మామయ్య పక్కకు జరుపుకుని కూర్చుంది. తాడు తీసుకుని ఒకసారి కట్టింది. మామయ్య ఎడంచెయ్యి దాని వెనకే వెళ్ళింది, అంతవరకూ ఎప్పుడూ వెళ్ళనంత దూరం వెళ్ళింది. కానీ రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక జారిపోయింది.

"ఆ చెయ్యి ఏం చేస్తుంది తాతయ్యా?" అని అడిగింది కుడిచెయ్యి చూపించి.

ఇంట్లో ఎవరమూ ఆ చేతి పేరెత్తేవాళ్ళం కాదు. వాళ్ళ అమ్మ, "ఏయ్, తప్పు" అంది.

"ఏమీ చెయ్యదమ్మా" అన్నాడు మామయ్య.

"బరువుంటుందా?"

"బరువైతే ఉంటుంది."

"అయితే తాడు మీద పెట్టండి. కదలకుండా ఉంటుంది కదా."

మామయ్య ఎడంచేత్తో కుడిచెయ్యి ఎత్తి తాడు కొస మీద పెట్టాడు. కొస కదల్లేదు. రెండో కొస చుట్టి, దూర్చి, లాగాడు. ముడి పడింది. జడ్జి దాన్ని రెండు వైపులా లాగి చూసి, "కొంచెం వదులుగా ఉంది" అంది. తలుపు దగ్గర నిలబడ్డ అత్తయ్య లోపలికెళ్ళి, ఎవరూ అడక్కుండానే అందరికీ టీ పెట్టుకొచ్చింది.

మొదటి ఆదివారం రానే వచ్చింది. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. వాళ్ళ వెనక కొంతమంది తల్లిదండ్రులు కూడా నిలబడ్డారు. మామయ్య ముందు బల్ల వేశాం. పాఠం చెప్పిన జడ్జే పరీక్ష కూడా పెడితే ఎలాగని టీచరమ్మ సరదాగా అన్నారు.

"నేనేం ఊరికే పాస్ చెయ్యను" అంది జడ్జి కోపంగా.

అన్నట్టే చేసింది. గుంజకు కట్టే ముడి చూసి సరేనంది. నడుముకు కట్టే ముడి, ఒకే లావు తాళ్ళు రెండిటిని కలిపే ముడి కూడా సరేనంది. లావు తాడుకు సన్న తాడు కలిపే ముడి చివరిది. మామయ్య నుదుటి మీద చెమట కనపడుతోంది. కట్టి చెయ్యి తీశాడు. జడ్జి పట్టి లాగింది. సన్న తాడు జారి దాని చేతిలోకి వచ్చేసింది.

"ఇది రాలేదు తాతయ్యా" అంది.

వెనక నుంచి ఒక తండ్రి, "పోనీలేమ్మా, మూడు కట్టారుగా" అన్నాడు. జడ్జి ఆయన వైపు కూడా చూడలేదు.

మామయ్య బల్ల మీది నుంచి కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "సరిగ్గానే చెప్పావమ్మా. ఒప్పుకున్నట్టే ఇక నేను మానేస్తా" అన్నాడు.

"మానేయడం ఎందుకు?" అంది జడ్జి. దానికి నిజంగానే అర్థం కాలేదు. "వచ్చే ఆదివారం మళ్ళీ కట్టండి. నాకు రానప్పుడు మీరు అలాగే కదా చెప్పారు. నన్ను మానెయ్యమన్నారా?"

"లేదు."

"మరి?"

మామయ్య టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ ఆకాశం వైపు చూస్తున్నారు. నా వైపు చూశాడు. నేను తల దించుకోకుండా ఆయన్నే చూశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మామయ్య నవ్వడం అప్పుడే చూశాను. ఇంకా కాస్త ఒక పక్కకే వచ్చే నవ్వు.

"వస్తానమ్మా. వచ్చే ఆదివారం వస్తాను" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం కూడా ఆ ముడి నిలవలేదు. జడ్జి మళ్ళీ రమ్మంది, మామయ్య మళ్ళీ వచ్చాడు. ఆ పై వారం మామయ్య ముడేసిన తాడును చెట్టుకొమ్మకు కట్టించి, జడ్జి దాన్ని పట్టుకుని రెండు కాళ్ళూ పైకెత్తి వేలాడింది. చాలక ఇంకో ఇద్దర్ని పిలిచి లాగించింది. ముడి నిలిచింది. "సరే" అంది, అంతే. పిల్లలు చేసిన గోలకు పక్క వీధి వాళ్ళు గోడ మీది నుంచి తొంగి చూశారు. బ్యాడ్జి నేనే కుట్టాను. పెద్దవాళ్ళు పిల్లల బ్యాడ్జి పెట్టుకోకూడదని రూలుందని టీచరమ్మ అంటే, అది కాగితంలోనే ఉండనివ్వమన్నాడు మామయ్య.

ఇప్పుడు ఆయన ముడులు నేర్పేటప్పుడు ఎడంచేతి వాటం పిల్లల్ని ముందే ఒక పక్కకు పిలిచి తన దగ్గర కూర్చోబెట్టుకుంటాడు. కుడిచేతి వాళ్ళు టీచరమ్మ దగ్గర. మరీ చిన్నపిల్లల్ని ఈ ఏడాది నాకు అప్పగించారు. నా వల్ల కాదన్నాను. "నీకు రాకపోతే వచ్చే వారం మళ్ళీ రా" అన్నాడు మామయ్య.

చదువు ఆగిపోయిన రోజు నాకిక కూర్చోవడానికి చోటు లేదనుకున్నాను. మామయ్య తన గదిలో చోటిచ్చాడు, చూసింది చెప్పమన్నాడు, చెబితే విన్నాడు. ఆదివారం పొద్దున మైదానంలో నేను మాట్లాడుతుంటే నా గొంతు వెనక వరుసకు వినపడదు. గట్టిగా చెప్పమని పిల్లలు నన్ను అడగరు. వాళ్ళే లేచి ముందుకు జరిగి కూర్చుంటారు.