కొస విరిచిన బెండకాయ

కువైట్‌లో, ఫింటాస్‌లో మేముండే వీధి చివర కొత్త సూపర్‌మార్కెట్ తెరిచినప్పుడు నాకు మొదట పుట్టిన సందేహం ఒక్కటే. ఇది ఎవరిది?

చాలా ఏళ్లుగా ఒకే ఇంట్లో వంట చేస్తున్నాను. సరుకులు తెచ్చేదీ నేనే. అంతకు ముందు జమియాకే వెళ్లేదాన్ని. అది పేటలోని కువైటీలు వాటాలు పెట్టుకుని నడిపే సహకార దుకాణం. బిల్లు కట్టేటప్పుడు నేను మామా అని పిలిచే మా యజమానురాలి వాటా నంబరు చెబితే, కొన్నదాన్ని బట్టి ఏడాది చివర లాభంలో కొంత ఆమెకు తిరిగి వస్తుంది. కొత్త దుకాణంలోనూ మొదటి రోజు అలవాటు కొద్దీ ఆ నంబరే చెప్పాను. కౌంటర్‌లోని ఫిలిప్పీన్స్ అమ్మాయి ఓపికగా విని, ఇక్కడ నంబర్లేమీ లేవంది.

మరి లాభం ఎక్కడికి పోతుందని ఇంటికి వచ్చి మామాను అడిగాను. భవనం ఒక కువైటీదట. పెట్టుబడిలో ఎక్కువ భాగం వేరే దేశపు కంపెనీదట. ఏ సరుకు ఎంతకు అమ్మాలో కూడా అక్కడి నుంచే చెబుతారట. సముద్రం అవతల కూర్చున్నవాళ్లకు ఫింటాస్‌లో బెండకాయ ధర ఎట్లా తెలుస్తుందో నాకు అంతుపట్టలేదు. అప్పటి నుంచి వంటింటి క్యాలెండరులో ప్రతి తేదీ కింద జమియా ధర, దాని కింద కొత్త దుకాణం ధర రాయడం మొదలుపెట్టాను. మామా దానికి నా వాణిజ్య మంత్రిత్వ శాఖ అని పేరు పెట్టింది.

ఆ దుకాణంలో కూరగాయల దగ్గర పనిచేసేది మా రాయచోటి వైపు పిల్ల. అంతకు ముందు ఒక ఇంట్లో పనిచేసి, కంపెనీ వీసాకు మారింది. ఇప్పుడు ఆమెకు కఫీల్, అంటే వీసాకు పూచీ పడే యజమాని, ఆ దుకాణమే. పని నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే విమానం ఎక్కిస్తారు. ఊళ్లో ఆమె కట్టిస్తున్న ఇల్లు గోడల దాకా లేచి, కప్పు లేకుండా నిలబడి ఉంది.

శుక్రవారం సెలవు కాబట్టి మన ఆడవాళ్లంతా ఆ రోజే వస్తారు. బెండకాయ చేతికి దొరికితే ఏం చేస్తామో వేరే చెప్పాలా? కొస విరిచి చూస్తాం. పటుక్కుమంటే లేతది, సంచిలోకి. వంగితే ముదురు, తిరిగి బుట్టలోకి. ఊళ్లో తోపుడుబండి దగ్గర ఇది తప్పు కాదు. ఇక్కడ మాత్రం సాయంత్రానికి బుట్టలో మిగిలేవన్నీ కొస వంగి, నల్లబడిన కాయలే. వాటిని పారేసే ముందు తూకం వేస్తారు, ఆ తూకం కంప్యూటర్లో వేరే దేశానికి పోతుంది. మిగతా కొట్లలో లేనంతగా ఫింటాస్‌లోనే బెండకాయ ఎందుకు చెత్తలోకి పోతోందని అక్కడి నుంచి ప్రశ్న వచ్చింది. సూపర్‌వైజర్ ఆ ప్రశ్నను ఈ పిల్ల మీదికి తోశాడు.

"ఏమ్మే, మొగం అట్ల పెట్టినావు?" అని అడిగాను.

"బెండకాయలు నా మెడకు చుట్టుకున్నాయవ్వా. బయటి దేశం నుంచి పెద్ద మేడం వస్తాంది. నేను సరిగ్గా చూసుకోలేదని తేలితే ఖలాస్."

"ఆడోళ్లు విరిచి చూస్తారని చెప్పు."

"కొనేటోళ్లను ఒక్క మాట అనకూడదంట. అయినా నువ్వు రాకుంటే సగం కాయలు బతుకుతాయి."

ఆ మేడం వచ్చిన రోజు నేనూ వెళ్లాను. పిల్లకు సాయం చేయాలని కొంత. ఆ కంపెనీ మనిషి ఎట్లా ఉంటుందో చూడాలని అంతకంటే ఎక్కువ. బుట్ట దగ్గర నిలబడి ఎప్పటిలాగే కాయలు ఏరుతున్నాను. ఆమె వచ్చి నా చేతులను చూసి, ఇదేమిటని పిల్లను ఇంగ్లీషులో అడిగింది. పిల్ల నా వైపు చూసింది. నేను ఒక కాయ తీసి మేడం చేతిలో పెట్టి, విరవమని సైగ చేశాను. వంగింది. ఇంకొకటి ఇచ్చాను. పటుక్కుమంది. ఆమెకు అది బాగా నచ్చినట్టుంది, వరుసగా నాలుగైదు విరిచింది. సూపర్‌వైజర్ కిందపడుతున్న కొసలను చూస్తూ నిలబడ్డాడు. నువ్వూ ఇట్లాగే కొంటావా అని మేడం పిల్లను అడిగింది.

"యస్ మేడం. మా ఊళ్లో అందరూ," అంది పిల్ల, సగం గొంతుతో.

నెల తిరక్కముందే బుట్ట మాయమైంది. బెండకాయలు అట్టపెట్టెల్లో, పైన పలచటి ప్లాస్టిక్ కప్పుకుని వచ్చాయి. ముట్టుకునే వీలు లేదు. మన ఆడవాళ్లు తిట్టుకున్నారు. నేనూ కోపంతో కొన్నాళ్లు జమియాకే వెళ్లాను. ఇంతలో పిల్ల కొత్త ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకు అనుమతి, వచ్చిందని, ప్యాకింగ్ గదిలో వేశారని ఫోన్ చేసి చెప్పింది.

క్యాలెండరులో ఆ దుకాణం గడి ఖాళీగా ఉండటం నాకే నచ్చక, చివరికి ఒక పెట్టె కొన్నాను. ఇంటికి తెచ్చి ప్లాస్టిక్ చించితే, అన్నిటికంటే పైన కొస లేని బెండకాయ ఒకటి ఉంది. విరిగిన చోట ఇంకా పచ్చిగానే ఉంది. మిగతావన్నీ ఒక్కొక్కటిగా విరిచి చూశాను. ఒక్కటీ వంగలేదు.

ఆ శుక్రవారం ఆమె తలకు ప్లాస్టిక్ టోపీతో లోపలి గది నుంచి బయటికి వస్తే, ఆ కాయ సంగతి అడిగాను.

"ప్రతి పెట్టెలో ఒకటి ఇరిచి చూసి కడతానవ్వా. వంగితే ఆ సరుకు ఎనక్కే," అంది. "మేడమే అట్ల చేయమనింది."