తవుణ్ణి బాగుచేసి తెమ్మన్న ఇరవై ఎనిమిది రోజులు

కోటబొమ్మాళి స్టేషన్లో దిగేసరికి ఉదయం పది నలభై. అక్టోబరు ఆఖరు వారం. సన్న తుంపర. భుజం మీద రెండు బెడ్డింగులు, ఎడమ చేతిలో ట్రంకు పెట్టె, చొక్కా జేబులో మూవ్‌మెంట్ ఆర్డరు. కుడిచేత్తో తవుడి మోచెయ్యి పట్టుకున్నాను. రైఫిలు లేదు. నా సర్వీసులో రైఫిలు లేకుండా చేసిన డ్యూటీ అదొక్కటే. మీరంతా నన్ను మంచు గురించీ తుపాకుల గురించీ అడుగుతుంటారు. నేను దీని గురించే చెబుతాను.

తవుడు మా పోస్టులో వైర్లెస్ ఆపరేటరు. వాడికి ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. వీడైనా దక్కాలని పుట్టగానే పొరుగావిడ చేతికిచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. అందుకే ఆ పేరు.

మా బంకరు ఉత్తరాన, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున. ఆ ఏడు ఆగస్టులో మావాళ్ళు నలుగురు గస్తీకి వెళ్ళారు. మంచుపెళ్ళ విరిగి వాళ్ళ మీద పడింది. ఆ సంగతి మాకు మూడు రోజుల తర్వాతగానీ తెలియలేదు. ఆ రోజు మాత్రం తవుడు ఉదయం ఆరు నుంచి సాయంత్రం అయిదు దాకా సెట్టు ముందు కూర్చుని గస్తీవాళ్ళని పిలుస్తూనే ఉన్నాడు. "రెండూ, రెండూ, నేను ఒకటి. వినిపిస్తోందా?" అవతల ఉత్త గరగర, నడుమ ఈల. చివరికి సుబేదారు వచ్చి వాడి చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసేశాడు.

అప్పట్నుంచి చేతులు వణికేవి. ముద్ద దిగేది కాదు. ఎవరైనా ఈల వేస్తే చాలు, ఆ చలిలో కూడా చెమటలు పట్టేవి. పొద్దున దుప్పటి తీసి లేవడానికే గంట పట్టేది. గొడవ చెయ్యడు, ఏడవడు. గోడ వైపు తిరిగి కూర్చుంటాడు.

కెప్టెన్ నన్ను పిలిచాడు. మాది కొత్తవలస పక్క. వాడి భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఇరవై ఎనిమిది రోజులు సెలవు. మంచి డాక్టర్ని వెతికి బాగుచేయించి తీసుకురా. ఫిట్ అని కాగితం తేవాలి. తేకపోతే మెడికల్ బోర్డు పెట్టి ఇంటికి పంపేస్తారు" అన్నాడు. బయటికొచ్చాక సుబేదారు నా భుజం తట్టాడు. "ఈ పని సరిగ్గా చెయ్యి. ప్రమోషను, నాయక్ పట్టీ నీదే."

తవుడి ఇంట్లో ముగ్గురు. తండ్రి, పెళ్ళాం పోలమ్మ, నాలుగేళ్ళ కూతురు. ఆ పిల్ల మమ్మల్ని చూసి తల్లి కొంగు చాటుకి పోయింది.

"ఏట్రా, ఇలగయిపోనావు? ఆర్మీవోలు కూడెట్టనేదేటి?" అన్నాడు తండ్రి.

"ఠీక్ హై నాన్నా" అన్నాడు తవుడు. సైన్యంలో ఎవరేమడిగినా అదే జవాబు. కాలు విరిగినవాడు కూడా అదే చెబుతాడు.

రెండో రోజు దెయ్యాలు దించే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాం. మిరపకాయల పొగ వేశాడు. వేపమండలతో వీపు మీద బాదాడు. "కొండమీద సచ్చిపోనోలెవులో ఈడి మీద కూకున్నారు" అన్నాడు. ఆ ముక్క నిజమే. తవుడు రెండు రోజులు దగ్గుతూనే ఉన్నాడు.

అయిదో రోజు టెక్కలిలో ఇంజెక్షన్ల డాక్టరు. నరాల బలం తగ్గిందన్నాడు. వారం రోజులు ఎర్ర మందు ఎక్కించాడు. వాడి నోరు చూడలేదు, కళ్ళు చూడలేదు. చెయ్యి మాత్రం చూశాడు, సూది గుచ్చడానికి.

పదమూడో రోజు విజయనగరం వెళ్ళాం. రిటైరైన మిలిటరీ డాక్టరు ఒకాయన ఉన్నాడని విని ఆశపడ్డాను. మనవాడే, అర్థం చేసుకుంటాడనుకున్నాను. ఆయన తవుణ్ణి నిలబెట్టి అటెన్షన్ చెప్పించాడు. "నేను యుద్ధాలు చూశాను. భయపడేది ఆడవాళ్ళు" అన్నాడు. తవుడు "ఎస్ సర్" అన్నాడు. తిరుగు బస్సులో నాలుగు గంటలు వాడు కన్ను ఆర్పలేదు.

పదిహేనో రోజు పోలమ్మ ఒక కబురు పట్టుకొచ్చింది. సముద్రం వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉందట. మనసు జబ్బుల చదువు చదివి వచ్చిందట.

తవుడి తండ్రికి నచ్చలేదు. "కిరస్తానం డాక్టరమ్మా? పైకి మందు, లోపల వాక్కెం. మనోణ్ణి మార్సీసిందంటే?"

"మార్సనీ మావా. ఇలగున్న మడిసిని ఎవులు మార్సినా మంచిదే" అంది పోలమ్మ.

డాక్టరమ్మ ఈ జిల్లా మనిషే. తెల్ల నూలుచీర, వెడల్పు ముఖం. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. తవుణ్ణి కూర్చోబెట్టి "ఆకలేస్తాదా బాబూ?" అని అడిగింది.

నేను వెనకాల మడమలు కలిపి నిలబడ్డాను. "ఠీక్ హై మేడం. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాడు." రోగి తరఫున ఎస్కార్టు రిపోర్టు ఇవ్వడం మాకు అలవాటు.

"మిమ్మల్నడగనేదు. మీ ఆకలి సంగతి రేపు అడుగుతాను. బైట కూకోండి."

అలా నేను వరండాలో బల్ల మీద పడ్డాను. రోజూ తొమ్మిదిన్నరకి వాడు లోపలికి, నేను బల్ల మీదికి. రెండు మాత్రలు ఇచ్చేది. మిగతాదంతా మాటలే. మొదటి నాలుగు రోజులు లోపల్నించి చప్పుడే లేదు. ఆవిడ తొందరపెట్టలేదు. అయిదో రోజు తలుపు వెనక తవుడి గొంతు వినబడింది. ఆ నలుగురి పేర్లు చెబుతున్నాడు. ఒక్కో పేరూ, వాడిది ఏ ఊరు, వాడికి ఏం కూరంటే ఇష్టం. తర్వాత ఏడ్చాడు. గంటసేపు ఏడ్చాడు. నేను లేచి లోపలికి వెళ్ళబోతే నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ రోజు ఇంటికొచ్చి పోలమ్మ పెట్టిన చేపల పులుసు కలుపుకున్నాడు. ఒక ముద్ద తిని నావైపు చూశాడు. "బావా, ఉప్పు తెలస్తన్నాది."

పోలమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది. భుజాలు కదలడం చూశాను.

ఇరవై నాలుగో రోజు డాక్టరమ్మని కాగితం అడిగాను. "ఫిట్ అని రాయండి మేడం."

"ఇప్పుడే తలుపు తెరుసుకున్నాది. ఇంకా మూడు నెల్లు పడతాది."

"నాకు నాలుగు రోజులే ఉన్నాయి."

ఆవిడ కాగితం ముందుకి లాక్కుంది. రాసింది. మూడు నెలలు వైద్యం కావాలి, అప్పటిదాకా ఎత్తయిన చోటికి పంపరాదు. సంతకం పెట్టింది. "దీన్ని మీ డాక్టరు సేతికి ఇవ్వండి. ఇంటారు. తప్పకుండా ఇవ్వండి."

ఆ కాగితం చదివించుకుని తండ్రి చిన్నబోయాడు. "మెంటలని రాసినట్టే కదేటి. ఈ ముద్ర పడితే ఊరంతా పిచ్చోడని పిలస్తాది. ఉజ్జోగం పోతాది."

"పోనీ మావా" అంది పోలమ్మ. నావైపు తిరిగింది. "అన్నయ్యా, ఉజ్జోగం పోతే పోనాది. మడిసి వస్తన్నాడు. సగం దారిలో ఉన్నాడు. ఇక్కడ ఆపీకండి."

"ఆర్డరమ్మా" అన్నాను. ఆర్డరు అనే మాట మీద పడుకుని నిద్రపోవచ్చు. నా మనసులో నాయక్ పట్టీ కూడా ఉంది. అది ఆమెకి చెప్పలేదు.

ఇరవై ఆరో రోజు తవుణ్ణి మళ్ళీ టెక్కలి తీసుకెళ్ళాను. ఇంజెక్షన్ల డాక్టరు రెండు నిమిషాల్లో ఫిట్ అని రాసి ముద్ర గుద్దాడు. మెట్లు దిగుతుంటే తవుడు ఆగాడు. "బావా, నాను బాగయిపోనానా?"

"అయిపోయావు" అన్నాను.

బేసులో మా డాక్టరు అడిగాడు. "కాగితాలేవి?" కుడి జేబులోది ఇచ్చాను. ఎడమ జేబులోది ఇవ్వలేదు. డిసెంబరు ఆరున తవుడు పద్నాలుగు వేల అడుగుల మీద, అదే సెట్టు ముందు కూర్చున్నాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం నేను పక్క పోస్టుకి రేషను మోస్తున్నాను. వంటవాడు భోజనానికి పిలవబోతే బంకరులో తవుడు లేడు. గ్లౌజులు బల్ల మీదే ఉన్నాయి. రెండు గంటలు వెతికారు. పెళ్ళ విరిగిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, ఒట్టి చేతులతో మంచు తవ్వుతున్నాడు. వేళ్ళు ఎముక దాకా గడ్డకట్టాయి. ఆసుపత్రిలో ఎనిమిది వేళ్ళు తీసేశారు. తర్వాత బోర్డు పెట్టారు. మానసిక కారణాల వల్ల అని రాసి ఇంటికి పంపారు. తండ్రి దేనికి భయపడ్డాడో అదే, అచ్చంగా అదే.

అదే నెలలో నాకు నాయక్ పట్టీ వచ్చింది.

ఎస్కార్టుగా నేనే వెళ్తానని అడిగాను. మార్చి నెల, కోటబొమ్మాళి, పదకొండు దాటింది, ఎండ. ప్లాట్‌ఫారం మీద పోలమ్మా పిల్లా ఉన్నారు. తవుడి తండ్రి రాలేదు. నేను ట్రంకు పెట్టె ఎత్తబోతే పోలమ్మ లాక్కుని నెత్తిన పెట్టుకుంది.

"రేపు డాక్టరమ్మ కాడికి నానే తీసుకెల్తాను. నువ్వు రాకు" అంది. అన్నయ్యా అనలేదు.

నేను తిరుగు బండి కోసం అక్కడే నిలబడ్డాను. వాళ్ళు ముగ్గురూ గేటు వైపు నడిచారు. పిల్ల తవుడి పక్కకి చేరి, నడుస్తూ నడుస్తూ, చిటికెనవేలు పట్టుకోవడానికి చెయ్యి పైకి చాచింది. కట్టు చుట్టూ ఒకసారి తడిమింది. అటు తిరిగి రెండో చెయ్యి తడిమింది. తవుడు ఆగాడు. పిల్ల కొంచెంసేపు ఆలోచించి, కట్టులోంచి వేలాడుతున్న గుడ్డ కొసని పిడికిట్లో పట్టుకుని, నడవమన్నట్టు లాగింది.