డాబా మీద నెట్టు పళ్లెం

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలం కాదు, ఇంజనీరింగు ముగించి నేను కొత్తగా నౌకరీలో చేరిన రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ భూమి మీద ఉండేది కాదు. తెలిసినవి మాత్రం బాగా తక్కువ. (రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయని అడక్కండి, ఆ వయసులో అందరికీ ఇముడుతాయి.) భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో, రోడ్డు దిగి మిరప చేలు దాటితే అడవి అంచున మా ఊరు. హైదరాబాదు కంపెనీవాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమని ఒక పాత కంప్యూటరు పంపించారు. దానికి వైఫై లేదు, కేబులు గుచ్చితేనే నెట్టు తాగుతుంది. నేను వెంటనే నడుం కట్టి, గోడల వెంబడి అన్ని గదులకూ కేబులు లాగి, హాల్లో స్విచ్చు డబ్బా బిగించి, టీవీకి కూడా ఒక తీగ ఇచ్చాను. అంతా అయ్యాక మా నాన్న చుట్టూ తిరిగి చూసి, "మంచిగనే ఉందిరా. మరి దీంట్లకు నెట్టు యాడికెళ్లి వస్తది?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టలేదు.

నెట్టు ఉన్నది రోడ్డు మీద, మా బాబాయి ఎరువుల దుకాణంలో. అక్కడి నుంచి మా ఇంటికి తీగ లాగాలంటే చేలకు అడ్డంగా స్తంభాలు పాతాలి, "పాతుకుంటే పాతుకో, నేనైతే రాను" అన్నాడు కేబులాయన. అప్పుడు నేను రెండు డిష్‌లు తెప్పించాను. ఒకటి దుకాణం మీద, ఇంకొకటి మా డాబా మీద. రెండూ ఎదురెదురుగా చూసుకోవాలి, మధ్యలో ఏదీ అడ్డం రాకూడదు. అక్కడి రౌటర్ నుంచి నెట్టు గాలిలో వచ్చి, మా డిష్‌లో పడి, తీగ గుండా నా స్విచ్చు డబ్బాలోకి దిగుతుంది. ఆ ఎదురుచూపులు కుదర్చడానికి ఒక పొద్దంతా పట్టింది. నేను మా డాబా మీద నుంచి ఫోనులో "జర కుడికి తిప్పు బాబాయ్" అంటే, ఆయన దుకాణం మీద నుంచి "ఆగరా, యూరియా అడుగుతుండ్రు" అని కిందికి దిగిపోయేవాడు. చివరికి సాయంత్రం కంప్యూటరులో నెట్టు దూకింది. ఊళ్లో వాళ్లు మా ఇంటి ముందు ఆగి మరీ చూశారు. "పోలీసోళ్లు పెట్టిండ్రా గది?" అని ఒకాయన మెల్లగా అడిగి, జవాబు వినకుండానే జల్దీ వెళ్లిపోయాడు. నేను మాత్రం ఉపగ్రహం వదిలినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

సంబరం రెండో రోజుకే చచ్చింది. నెట్టు వస్తూ పోతూ, పోతూ పోతూ, చివరికి పోవడమే పనిగా పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా మ్యూట్ సారు (కంపెనీలో నా పైఅధికారి, సగం మాటలు మ్యూట్‌లోనే మాట్లాడేవాడు, మిగతా సగం కూడా అట్లాగే కానిస్తే బాగుండేది) కబురు పెట్టాడు. సోమవారం క్లయింటు ముందు డెమో నేనే ఇవ్వాలట, మధ్యలో తెగిందంటే మంగళవారం నుంచి హైదరాబాదు ఆఫీసుకు వచ్చెయ్యాలట. హైదరాబాదంటే నాకు భయం లేదు. అక్కడి హాస్టలు సాంబారంటేనే. పైగా ఇంట్లో మా నాయనమ్మ చేతి చింతచిగురు పప్పు అప్పుడప్పుడే మొదలైంది. కాబట్టి నెట్టు నిలబెట్టుకోవడం నా బతుకు సమస్య అయ్యింది.

డాబా ఎక్కాను. ఎక్కి మరలు బిగిస్తుంటే ఫోనులో సిగ్నలు నిండుగా కనిపించింది. సంతోషంగా కిందికి దిగాను, పోయింది. మళ్లీ ఎక్కాను, వచ్చింది. దిగాను, పోయింది. ఈ లెక్కన డిష్‌కు నేనంటే భయమో గౌరవమో ఉండాలని తేల్చుకుని బాబాయికి ఫోను చేశాను.

"నేను పైనుంటే వస్తుంది బాబాయ్, దిగితే పోతుంది."

"అయితే పైన్నే ఉండరాదురా, కంప్యూటరు గూడ పట్టుకపో. నా దుకాణంల మాత్రం నెట్టు గుర్రం లెక్క ఉరుకుతుంది, నా మీదికి తేకు."

ఆదివారం సాయంత్రం మ్యూట్ సారు రిహార్సల్ పెట్టాడు. బయట గాలి లేచింది. సారు ముఖం ఒకసారి కదులుతూ, ఒకసారి బిగుసుకుపోతూ, మళ్లీ కదులుతూ, ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు ఒక పద్ధతిగా వచ్చిపోతోంది. ఇంత క్రమశిక్షణ గల చెడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చి పైకి చూశాను. డిష్ ముందు బూడిద గుమ్మడికాయ ఊగుతోంది. అటు ఊగితే సారు, ఇటు ఊగితే నిశ్శబ్దం.

ఆ గుమ్మడికాయ నాకు కొత్త కాదు. డిష్ పెట్టిన మర్నాడే నాయనమ్మ పూజ చేయించి, పసుపు కుంకుమ పెట్టి, ఉట్టిలో వేసి, నాన్న చేత డిష్ బిగించిన పైపుకే వెదురు కర్ర కట్టించి, సరిగ్గా పళ్లెం ముఖానికి ఎదురుగా వేలాడదీయించింది. (దిష్టి తగిలేది ముఖానికే గదా.) నేను ఎక్కినప్పుడల్లా మరలకు అడ్డం వస్తోందని ఒక చేత్తో దాన్ని పక్కకు పట్టుకుని, రెండో చేత్తో బిగించేవాణ్ని. అన్ని నీళ్లున్న కాయను దాటి సిగ్నలు రాదని నాలుగేళ్లు చదివినవాడికి తట్టలేదు.

"నాయనమ్మా, గుమ్మడికాయ తీసెయ్యాలె."

"ఏందీ? ఊరందరి కండ్లు ఆ పళ్లెం మీదనే ఉన్నయి. పూజ చేసి కట్టింది అమాస దాకా ముట్టొద్దు."

"రేపు నా నౌకరి పోతది."

"గట్లైతే ఇంకా ముట్టొద్దు."

చాలాసేపు చర్చలు జరిగాయి. విప్పకూడదు, దించకూడదు, జరపకూడదు. మరి ముట్టకుండా పక్కకు పట్టుకోవచ్చా? చాలా ఆలోచించి, కొంగు అడ్డం పెట్టుకుని పట్టుకుంటే ముట్టినట్టు కాదని తనే తీర్పు చెప్పింది. "నువ్వు పట్టుకుంటే జారవిడుస్తవ్. నేనే పట్టుకుంటా."

సోమవారం పొద్దున కింద నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లయింటుకు డెమో ఇస్తున్నాను. పైన నాయనమ్మ గొడుగు కింద కుర్చీ వేసుకుని, కొంగుతో గుమ్మడికాయను పక్కకు పట్టుకుని కూర్చుంది. నెట్టు నిలబడింది. మధ్యలో ఒక్కసారి మాత్రం అందరూ బిగుసుకుపోయారు. అదే సమయానికి వాకిట్లో ఎవరో ఆగి నాయనమ్మను పలకరించడం కిటికీలోంచి వినిపించింది.

"డాబా మీద ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?"

"కనబడ్తలేదా? మావోడు నౌకరి చేస్తుండు."

"నాయనమ్మా, చెయ్యి!" అని అరిచాను. నెట్టు మళ్లీ వచ్చింది. (ఆ అరుపు సగం క్లయింటు దాకా పోయింది, ఏదో స్థానిక పద్ధతి అనుకుని ఉంటారు.)

డెమో ఎంత బాగా జరిగిందంటే, సాయంత్రం మ్యూట్ సారు మ్యూట్ తీసి మరీ మెచ్చుకున్నాడు. క్లయింటుకు నేను బాగా నచ్చానట, ఇకనుంచి వాళ్ల పక్కనే కూర్చుని పని చెయ్యాలట, మంగళవారం నుంచి హైదరాబాదు వచ్చెయ్యాలట. తెగితే పంపిస్తామన్న చోటికే తెగనందుకు పంపించారు. నాయనమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఒక్క గంట పక్కకు పట్టుకుంటేనే ఇట్ల తగిలింది దిష్టి. తీసేస్తే ఏమయ్యేదో" అని మెటికలు విరిచింది.

ఇప్పుడు నా కిరాయి గదిలో రౌటర్ చెయ్యి చాపితే అందుతుంది. గుమ్మం పైన చిన్న గుమ్మడికాయ కూడా ఉంది. (రౌటర్‌కు అడ్డం రాకుండానే కట్టాను, ఆ మాత్రం చదువు ఇప్పుడు వచ్చింది.) నాయనమ్మ ఫోను చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతుంది.

"నెట్టు మంచిగ వస్తుందా?"

"అవ్ నాయనమ్మా, మంచిగ వస్తుంది."

నమ్మకం కుదరని గొంతుతో అంటుంది: "మరి ఆడ ఎవరు పట్టుకుంటుండ్రురా?"