చేపల రాయి దగ్గర నా కన్నీళ్ళు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో నేను బాగుపడను. మధ్యలో ఎక్కడైనా "అమ్మయ్య, గట్టెక్కాడు" అని మీకనిపిస్తే అది మీ మంచితనమే తప్ప నా అదృష్టం కాదు. జపాన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లెకి వెళ్ళి, ఆ ఊరి వింతలూ విశేషాలూ చూసి, నా కొంప నేనే ముంచుకుని, అమెరికాలో మేముండే నోవై తిరిగొచ్చిన వైనం ఇది. ముంచుకోవడానికి నాకు ఎవరి సాయమూ అవసరం పడలేదు.

నోవైలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక జపాన్ కంపెనీలో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హెచ్‌వన్‌బీ వీసా గడువు దగ్గరపడుతోంది. కంపెనీ గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తే ఇక్కడ ఉంటాం, లేకపోతే సామాన్లు సర్దుకుంటాం. ఫైల్ చేయాలంటే మా మేనేజర్ నకగావా గారు "ఈ మనిషి మాకు కావాలి" అని పైవాళ్ళకి చెప్పాలి. మా ఆవిడ సుజాత రోజూ పొద్దున్నే కాఫీ ఇస్తూ "అడిగారా?" అనేది. "ఇవాళ అడుగుతాను" అనేవాణ్ణి. అడగడానికి మొహమాటం.

నా మొహమాటం ఎలాంటిదో మీకు తెలియాలి. నేను పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టలేదు. కేకులో గుడ్డుందేమోనని డబ్బా మీది సన్నటి అక్షరాలన్నీ చదివి గానీ నోట్లో పెట్టుకోను. అలాంటివాణ్ణి, ఉద్యోగంలో చేరిన కొత్తలో టీమ్ లంచ్‌కి వెళ్ళినప్పుడు నకగావా గారు ఎంతో మర్యాదగా "మీరు తిననివి ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే, బల్ల చుట్టూ అందరూ నా వైపే చూస్తుంటే, "అబ్బే, ఏమీ లేవండీ. నేను అన్నీ తింటాను" అనేశాను.

ఎందుకన్నానని మీరు అడగొద్దు. నాకే తెలియదు. ఆ రోజు నుంచి ప్రతి టీమ్ లంచ్‌కీ నా కడుపులో బాగుండేది కాదు. అందరూ తింటుంటే నేను కీరదోస ముక్కలు కొరుకుతూ పొట్ట పట్టుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి కడుపు బాగోలేని మనిషిని చూసి నకగావా గారు జాలిపడ్డారే గానీ అనుమానపడలేదు.

పోయిన వసంతంలో జపాన్ ఫ్యాక్టరీలో నాకు వారం రోజుల పని పడింది. బయల్దేరే ముందు ఆయన పిలిచారు.

"పని శుక్రవారంతో అయిపోతుంది కదా. శనివారం మా ఊరు వెళ్ళండి. చాలా పాత ఊరు, చూడదగ్గది. మా అక్క అక్కడ చిన్న సత్రం నడుపుతుంది."

"ఎందుకండీ, ఆవిడకి శ్రమ."

"శ్రమేముంది? మీరు అన్నీ తింటారుగా! అన్నీ తినేవాళ్ళంటే మా అక్కకి ప్రాణం."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పాను కూడా. "మీరు ఇంతగా చెప్పాక వెళ్ళకుండా ఉంటానా?" అన్నాను.

"తిరిగొచ్చాక మీ గ్రీన్‌కార్డ్ సంగతి మాట్లాడదాం" అన్నారు ఆయన తనంతట తానే. నేను ఇంటికి దాదాపు ఎగురుకుంటూ వచ్చాను.

సుజాత సంతోషానికి అంతులేదు. "ఆవిడ దగ్గర మంచి పేరు తెచ్చుకోండి. సగం ఫైలింగ్ అయిపోయినట్టే" అంటూ కందిపొడి, కరివేపాకు పొడి, ఉప్మా మిక్స్ జిప్‌లాక్ సంచుల్లో సర్దింది. ఖాళీ సంచులు ఓ కట్ట వేరే పెట్టింది, ఎందుకైనా పనికొస్తాయని. అంతలో ఆగి, "వెజిటేరియన్ అని చెప్పే ఉంటారుగా?" అంది.

"ఆఁ, ఆయనకి తెలుసులే" అన్నాను. అబద్ధానికి అబద్ధం తోడైంది.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నిజం చెప్పొద్దూ, అంత అందమైన ఊరు నేను చూడలేదు. వెనక కొండ, ముందు సముద్రం, మధ్యలో ఒకే ఒక్క వీధి. ఇళ్ళన్నీ నీళ్ళలోకి కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టున్నాయి. మనం గరాజ్‌లో కారు పెట్టుకున్నట్టు వాళ్ళు ఇంటి కింద పడవ పెట్టుకుని మేడ మీద కాపురం ఉంటారు. తీగల మీద బట్టలతో పాటు చేపలు కూడా ఆరేశారు. ఆ వాసనకి నా కడుపు మొదటిసారి నిజంగానే తిప్పింది.

నకగావా గారి అక్క సత్రం గుమ్మంలోనే ఎదురొచ్చి నడుం వంచి దణ్ణం పెట్టింది. మా మేనేజర్‌కి అక్క అంటే నాకూ అక్కగారే. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు జపనీస్ రాదు. ఆవిడ ఫోన్‌లో మాట్లాడితే ఫోన్ ఇంగ్లీషులో చెబుతుంది, వార్తలు చదువుతున్నట్టు.

"మీరు అన్నీ తింటారని తమ్ముడు చెప్పాడు. నేను మూడు రోజుల నుంచి ఎదురుచూస్తున్నాను" అంది ఫోన్.

రాత్రి భోజనానికి బల్ల నిండా గిన్నెలు. పులుసులో చేప, పచ్చడిలో చేప, మధ్యలో పళ్ళెం నిండా నిప్పుల మీద కాల్చిన చేప ఒకటి నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. తెల్లటి అన్నం ఒక్కటే నా తరఫు మనిషి. అక్కగారు ఎదురుగా కూర్చుంది. నేను చేప వాసనకి గుటకలు మింగుతుంటే నోరూరుతోందనుకుని మురిసిపోయింది. ఇంతలో వంటింట్లో ఏదో పొంగిన చప్పుడైతే లేచి పరిగెత్తింది.

దేవుడున్నాడనుకున్నాను. జిప్‌లాక్ సంచి తెరిచి పళ్ళెంలో చేపా గిన్నెల్లో ముక్కలూ అన్నీ అందులోకి బోర్లించి, బ్యాగ్‌లో దోపి, అన్నంలో కందిపొడి కలుపుకుని రెండు ముద్దలు తిన్నాను. ఆవిడ తిరిగొచ్చి ఖాళీ పళ్ళెం కేసి చూసింది. పళ్ళెం ఎత్తి కింద చూసింది. బల్ల కింద చూసింది.

"ఎముకలేవి?" అంది ఫోన్.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎముకలు మిగలాలన్న సంగతి చేప తిననివాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి!

"తినేశాను" అన్నాను.

"తల?"

"అది కూడా."

ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. గబగబా వెళ్ళి పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చి ఆ పళ్ళెం చూపించింది. ఇద్దరూ కలిసి నాకు దణ్ణం పెట్టారు. మర్నాడు పొద్దున్న ఫలహారంలోకి రెండు చేపలు వచ్చాయి. అవీ సంచిలోకే వెళ్ళాయి, తలలతో సహా.

ఇప్పుడు ఆ సంచిని వదిలించుకోవాలి. గదిలో చెత్తబుట్ట లేదు. కింద వసారాలో ఉన్నవి లోపల ఏముందో స్పష్టంగా కనిపించే చెత్త సంచులు, రకానికొకటి. అక్కగారు ప్రతి డబ్బానీ కడిగి మరీ అందులో వేస్తుంది. సరే, వీధిలో పారేద్దామనుకుంటే జపాన్ వీధుల్లో చెత్తబుట్టలే ఉండవు, ఎవరి చెత్త వాళ్ళు ఇంటికి మోసుకెళ్ళాలి. మన దేశీ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డు మీద ఈ బాధ ఎప్పుడైనా పడ్డామా?

"రండి, మా ఊరు చూపిస్తాను" అంది ఫోన్. బ్యాగ్ భుజాన తగిలించుకుని బయల్దేరాను.

ముందు పాత పడవల ఇల్లు చూపించింది. అక్కడ మా వెనక ఒక పిల్లి చేరింది. తర్వాత ఉప్పు కాచే కొట్టు చూపించింది. బయటికొచ్చేసరికి నాలుగు పిల్లులు. కొండ మీది గుడికి మెట్లెక్కుతుంటే వెనక్కి తిరిగి చూద్దును కదా, ఒక ఊరేగింపే వస్తోంది.

"మా ఊరి పిల్లులు కొత్తవాళ్ళని దగ్గరికి రానివ్వవు. మీరు మంచివారని వాటికి తెలిసిపోయింది" అంది ఫోన్.

నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

రేవు దగ్గర అక్కగారు ఎవరితోనో మాటల్లో పడింది. ఇదే అదను అనుకుని సంచి తీసి నీళ్ళలోకి జారవిడిచాను. అది మునిగితే ఈ కథే లేదు. జిప్ బిగించినప్పుడు లోపల గాలి ఉండిపోయిందేమో, సంచి తేలుతూ ఒడ్డు వెంటే రాసాగింది. పక్కనే పడవలో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన అది చూశాడు. పొడుగాటి కర్రకి కట్టిన వలతో దాన్ని తీశాడు, తువ్వాలుతో తుడిచాడు, మెట్లెక్కి వచ్చి రెండు చేతులతో నాకు అందించి నడుం వంచాడు. మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న క్యారియర్ పడిపోయిందనుకున్నాడు పాపం. పోగొట్టుకున్న వస్తువు మనిషిని వెతుక్కుంటూ వస్తుందని ఆ దేశానికి మంచి పేరు. ఆ పేరు నా ప్రాణానికొచ్చింది.

చివరికి ఊరి కొసన, సముద్రానికి ఎదురుగా నిలబెట్టిన ఒక నిలువెత్తు రాయి దగ్గరికి తీసుకెళ్ళింది. నాచు పట్టి ఉంది. ముందు చిన్న గిన్నెలో నీళ్ళు, రెండు పూలు.

"ఇది ఎవరి సమాధి అండీ?" అన్నాను.

"చేపలది" అంది ఫోన్.

అక్కగారు చాలాసేపు మాట్లాడింది. ఫోన్ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఈ ఊరు చేపల వల్ల బతికింది. అందుకే తాతల కాలంలో చేపల ఆత్మశాంతి కోసం ఈ రాయి నిలబెట్టారు. ప్రాణం తీసి తెచ్చుకున్నదాన్ని వృథా చేయకూడదని వాళ్ళ తాత చెప్పేవాడు, ఎముక కూడా పారేయకూడదనేవాడు. "ఈ రోజుల్లో మా పిల్లలే సగం తిని వదిలేస్తున్నారు. నిన్న మీ పళ్ళెం చూసి నాకు తాత గుర్తొచ్చాడు" అని ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

నవ్వుకోండి, కానీ ఆ క్షణంలో నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ మనిషి నా కోసం తెల్లవారకుండా లేచి కాల్చిన చేపలు, ఆవిడ దణ్ణం పెడుతున్న చేపలు, నా వీపు మీద బ్యాగ్‌లో ఉన్నాయి. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే బ్యాగ్ దించి, సంచి తెరిచి, ఒక్కో చేపా పిల్లుల ముందు పెట్టాను. కనీసం అలాగైనా వృథా కాకుండా ఉంటాయి కదా. అక్కగారి ప్రార్థన పెద్దదే. ఆవిడ కళ్ళు తెరిచేసరికి పిల్లులు మూతులు తుడుచుకుంటున్నాయి, నేను కళ్ళు తుడుచుకుంటున్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఫోన్ తీయలేదు. నా చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చింది.

నోవై తిరిగొచ్చిన మర్నాడే నకగావా గారు గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"అక్క అంతా చెప్పింది. చేపల రాయి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నారట. మా ఊళ్ళో పుట్టినవాళ్ళే అలా ఏడవరు."

"అబ్బే, నాదేముందండీ" అన్నాను. గ్రీన్‌కార్డ్ నా కళ్ళ ముందు కనిపిస్తోంది.

"ఫైలింగ్ ఇప్పుడు కుదరదన్నారు పైవాళ్ళు. కానీ మీలాంటి మనిషిని వదులుకోం. లాయర్‌తో మాట్లాడాను. ఏడాది పాటు అమెరికా బయట ఉండి వస్తే మీ వీసా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకని మిమ్మల్ని జపాన్ ఫ్యాక్టరీకి వేయించాను. మా ఊరికి దగ్గరే. అక్క సత్రంలో గది సిద్ధం చేస్తోంది. మూడు పూటలా భోజనం అక్కడే!"

కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను.

"సార్, నేను వెజిటేరియన్ని."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి విరగబడి నవ్వారు. "ఎముకలు నమిలి మింగిన మనిషి! మీకు ఇంత హాస్యం ఉందని తెలియదు."

"కాదండీ, నిజంగానే..."

"చాలు, చాలు, కడుపు నొప్పి వస్తోంది" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. "అన్నట్టు ఫ్యామిలీతో సహా వెళ్ళాలి. మీ ఆవిడా పాపా కూడా ఎముకలు తింటారా అని అక్క అడిగింది. తింటారని చెప్పేశాను."

సాయంత్రం ఇంట్లో అంతా చెప్పాను. సుజాత చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పదేళ్ళ మా మేఘన ఐప్యాడ్ లోంచి తలెత్తి, "వెయిట్, నాన్నా, బోన్స్ కూడా తినాలా?" అంది.

"మీ నాన్న పక్కన కూర్చుంటే తప్పదమ్మా" అంది సుజాత. లేచి వెళ్ళి అటకమీది పెద్ద సూట్‌కేస్ దించి, స్టోర్‌లో ఉన్న కందిపప్పు మొత్తం బయటికి తీసి వేయించడం మొదలుపెట్టింది.

వచ్చే నెలలో ప్రయాణం. అందుచేత, సుజాత వేయిస్తున్న కందిపప్పు సాక్షిగా, మా ఇంటి స్మోక్ అలారం సాక్షిగా, నేను ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ దేశం వెళ్ళినా, ఏ ఊరు చూసినా, ఎంత దుఃఖం పొంగుకొచ్చినా సరే, మేనేజర్ గారి బంధువుల సమక్షంలో ఏ రాయి ముందూ ఒక్క కన్నీటి బొట్టు రాల్చను.