పుస్తకాల గది ముందు చెప్పులు

దయ్యాలంటే మా ఇంట్లో ఎవరికీ భయం లేదు. కంబదూరు దగ్గర మాది మెట్టసేద్యం. శెనక్కాయ పంట మీదున్నప్పుడు పందులు పడతాయని మా నాయన ఒక్కడే చేలో పడుకునేవాడు. పక్క చేను దాటితే శ్మశానం. "బతికినోళ్ళతోనే వేగలేక సస్తాండాం, ఇంక సచ్చినోళ్ళకు యాడ భయపడేది?" అనేవాడు. నేనూ ఆయన కూతురినే. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే నవ్వేసేదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నవ్వినా నాకేమీ కోపం రాదు.

అరవైల చివర్లో, యూనివర్సిటీ వాళ్ళు అనంతపురంలో ఎం.ఏ. క్లాసులు పెట్టిన కొత్తలో నేను చరిత్రలో చేరాను. ఆడపిల్లకు ఇంక చదువెందుకని మా పెదనాయన ఇంటిమీదికొచ్చి గొడవ చేశాడు. నాయన ఆయన్ను పంపించేసి, నాతో ఒకటే మాట అన్నాడు. "నిన్ను గురించి ఒక్క మాట నా చెవిన పడకూడదు. పడినాదంటే మూట గట్టుకోని ఇంటికి రావల్ల."

అన్నాడంటే అన్నట్టే. ఆ రెండేళ్ళూ ఆ మాట నా మెడ మీద కత్తే. హాస్టల్లో దీపాలు పెట్టే వేళకు హాజరు పలకాలి. ఒక్క రాత్రి పిల్ల కనబడకపోతే తెల్లారేసరికి ఇంటికి టెలిగ్రాం పోతుంది.

లైబ్రరీ పాతకాలపు రాతి కట్టడంలో ఉండేది. ముందు హాల్లో బల్లలు, కార్డుల సొరుగులు. దాని వెనక పొడవాటి పుస్తకాల గది. మొదటివారంలో లైబ్రేరియన్ గారు మమ్మల్ని వెంటబెట్టుకుని అంతా తిప్పి చూపించారు. ముందు సొరుగులో కార్డు వెతుక్కోవాలి. కార్డు మూలనున్న నంబరు రాసుకోవాలి. ఆ నంబరు పట్టుకుని గదిలోకి పోవాలి. తలుపు దగ్గర చిన్న నంబర్లు, లోపలికి పోయేకొద్దీ పెద్దవి. మా చరిత్ర అన్నిటికంటే చివర, గోడ వారగా. "దారి తప్పితే నంబర్లు తగ్గేవైపు నడవండి, తలుపు అదే వస్తుంది" అన్నారాయన. పుస్తకాల మధ్య దారి తప్పడమేమిటని మేమంతా నవ్వుకున్నాం.

ఇంకో పద్ధతి ఉండేది. పుస్తకాలంటే సరస్వతి కాబట్టి ఆ గదిలోకి ఎవరూ చెప్పులతో పోకూడదు. ప్రొఫెసర్లయినా సరే, గుమ్మం ముందు విప్పాల్సిందే. అటెండరు మస్తానన్న లెక్క కూడా ఆ చెప్పులతోనే. బయట చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే ఎవరూ లేనట్టు. తాళం వేసే ముందు ఆయన లోపలికి తొంగి కూడా చూసేవాడు కాదు.

ఆ శనివారం పొద్దున దారిలో నా చెప్పు తెగింది. టవర్ క్లాక్ దగ్గర కుట్టే ఆయనకు ఇచ్చి, వట్టి కాళ్ళతోనే లైబ్రరీకి పోయాను. ఆషాఢమాసం. గాలి మా ఊళ్ళలో ఎట్లా కొడుతుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎర్రదుమ్ము లోపలికి రాకుండా పుస్తకాల గది కిటికీలన్నీ బిగించేశారు. నేను చివరి ర్యాకు వెనక కింద కూర్చుని, కిటికీ సందులోంచి వచ్చే వెలుతురులో రాసుకుంటున్నాను.

తలుపు మూసిన చప్పుడైతే గాలి అనుకున్నాను. తర్వాత తాళం పడిన చప్పుడు వినబడింది.

లేచి గట్టిగా అరిచాను. ఆ గాలి హోరులో నా గొంతు నాకే వినబడలేదు. శనివారం మధ్యాహ్నం మూస్తే మళ్ళీ తెరిచేది సోమవారం పొద్దునే. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు దయ్యం గుర్తుకు రాలేదు. నీళ్ళు లేవన్నది కూడా తర్వాతే తోచింది. ముందు గుర్తొచ్చింది టెలిగ్రాం. అది పట్టుకుని నిలబడిన మా నాయన. నా చదువు ఇంతటితో సరి అనుకున్నాను.

తలుపు దగ్గరికి పోయి బాదుదామని బయలుదేరాను. చీకట్లో పుస్తకాల వీపులు తడుముకుంటూ, సందు వెలుతురు పడినచోట నంబరు చూసుకుంటూ, తగ్గేవైపు నడిచాను. కొంతదూరం పోయానో లేదో, తలుపు వైపు నుంచి చప్పుడు. టప్పు, టప్పు. మడమ దగ్గర వదులైపోయిన తోలుచెప్పులు నేలకు కొట్టుకునే చప్పుడు.

ప్రాణం లేచొచ్చింది. "మస్తానన్నా!" అని పిలిచాను. చప్పుడు ఆగింది. ఎవరూ పలకలేదు.

అప్పుడు తట్టింది నాకు. ఆ గదిలో చెప్పులేసుకుని ఎవరూ నడవరు.

మళ్ళీ మొదలైంది. తొందర లేకుండా, ఒక్కో ర్యాకు దగ్గర ఆగి, నంబరు చూసుకుని ముందుకొస్తున్నట్టుగా వస్తోంది. నేను వెనక్కి నడిచాను. నంబర్లు పెరుగుతున్నాయి. పెరుగుతున్నాయంటే ఇంక గోడే. చివరికి వీపుకు గోడ చల్లగా తగిలింది. చప్పుడు నా ముందున్న ర్యాకుకు అవతల ఆగిపోయింది.

నా ముఖానికి ఎదురుగా ఉన్న పుస్తకం ఒకటి, అటువైపు నుంచి ఎవరో తోస్తున్నట్టు, మెల్లగా నా వైపుకు జరిగింది. అది కదిలిన సందులోంచి అవతలికి నేను చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నాయనా, నాయనా అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

కాసేపటికి చెప్పులు తిరిగి తలుపువైపు పోయాయి. తలుపు తెరుచుకోలేదు. చప్పుడు మాత్రం ఆగిపోయింది.

ఇంకెంతసేపయిందో, తాళం తీసిన చప్పుడు, వెలుతురు, మస్తానన్న గొంతు. "ఎవురమ్మా లోపల?" పరిగెత్తుకొచ్చి గుమ్మం బయట పడ్డాను.

"నేను బీగమేసేటప్పుడు ఈ చెప్పులు లేవమ్మా. టిపినీ డబ్బా మరిచిపోయి తిరుక్కొస్తే ఈడుండాయి. నీవేనా?" అన్నాడు.

పాత తోలుచెప్పులు. మడమ దగ్గర అరిగిపోయి ఉన్నాయి. నావి కావన్నాను. "ఎవురివైతేనేమి, నేల కాలతాంది, ఏసుకోని పో" అన్నాడు. నేను వట్టికాళ్ళతోనే హాస్టల్ దాకా పరిగెత్తాను.

లోపల విన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకరికి చెబితే వార్డెన్‌కు, ఆమె నుంచి మా నాయనకు చేరుతుంది. పిల్లకు గాలి సోకిందంటారు, చదువు మాన్పిస్తారు. ఆ తర్వాత ఆ గదిలోకి నేను పోలేదు. నంబరు రాసిచ్చి మస్తానన్నతోనే పుస్తకాలు తెప్పించుకునేదాన్ని.

ఆ చెప్పులు అక్కడే ఉండిపోయాయి. ఎవరూ మావి అనలేదు. పరాయివాళ్ళ వస్తువని మస్తానన్న పారెయ్యలేదు. బయట చెప్పులుంటే తాళం వెయ్యడానికి ఆయనకు చెయ్యి రాదు. రోజూ మూసే వేళకు ర్యాకు ర్యాకూ తిరిగి, "ఎవురప్పా ఉండేది?" అని పిలిచి, ఎవరూ లేరని చూసుకుని అప్పుడు మూసేవాడు.

చదువు పూర్తయింది. నాయన చెవిన ఏ మాటా పడలేదు. ఆ చెప్పులు లేకపోతే ఆ శనివారంతోనే నా కథ ముగిసేది. దాని మేలు మరిచిపోలేను, ఆ భయమూ పోలేదు. అదేమిటో ఇన్నేళ్ళకూ నాకు తెలియదు.

ఆఖరుసారి పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి పోయినరోజు గుమ్మం ముందు ఆ చెప్పులు లేవు. మస్తానన్న మహా సంతోషంగా ఉన్నాడు. "పీడ వదిలిందమ్మా. ఎవురో ఏసుకోని పోయినారు. లోపల ఎవురూ లేరింక" అని, తొంగి కూడా చూడకుండా తాళం వేశాడు.

ఆయనకు నేను చెప్పనేలేదు కదా, లోపల నేను విన్నది చెప్పుల చప్పుడేనని.